మనిషి రాసింది కాదు

"చెయ్యా, కాలా?" అని అడిగింది అమ్మ.

బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఆమె లెక్కలో ఏదో ఒకటి విరిగే ఉంటుంది.

"చెయ్యీ కాదు, కాలూ కాదమ్మా. వ్యాసం," అంది అవతల టీచర్. "మీరొకసారి రావాలి."

వ్యాసం అనగానే ఆమె గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది. పొయ్యి ఆర్పింది. ఆర్పానా లేదా అని మళ్ళీ వచ్చి చూసింది. తాళం వేసింది. వేశానా లేదా అని వీధి మలుపు నుంచి వెనక్కొచ్చి లాగి చూసింది. ఆ లెక్కన బడికి చేరేసరికి ఆఖరి గంట కొట్టేశారు.

టీచర్ల గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. అమ్మ తన కుర్చీ ఫ్యాను కింద నుంచి పక్కకు జరుపుకుంది. నిలబడ్డ కూతుర్ని కూడా జరిపింది. టీచర్ని జరపడం బాగుండదని ఊరుకుంది.

"'బడి చదువు, సాంకేతికత: ఒక విద్యార్థి ఆలోచనలు.' ఎనిమిదో తరగతి మొత్తానికి మీ అమ్మాయిదే మొదటి స్థానం," అంది టీచర్. "ఎల్లుండి వార్షికోత్సవంలో అందరి ముందూ చదవాలి."

"మొదటి స్థానమే!" అమ్మ మొహం చాటంతయింది.

"అప్పుడే మురిసిపోకండి. ఇది మీ అమ్మాయి రాసింది కాదు."

చాటంత మొహం చప్పున చిన్నదైపోయింది. అమ్మ చేతిసంచి జిప్పు తీసింది. వేసింది. మళ్ళీ తీసింది.

"మెషిన్ రాసింది," అంది టీచర్. "ఇప్పుడు ఫోన్లో అడిగితే చాలు, అదే రాసి పెడుతోందిగా. అదే నిజమైతే పేరు కొట్టేస్తాం. స్టేజీ లేదు, మార్కులూ లేవు."

"అయ్యో, ఫోనా! నా ఫోనూ, వాళ్ళ నాన్న ఫోనూ, ఇది ఇంటికి రాగానే బీరువాలో పెట్టి తాళం వేస్తాను టీచర్. నా మీద ఒట్టు, ఇది ఫోను ముట్టుకోలేదు."

"అయితే వినండి." టీచర్ కాగితం అందుకుని చదివింది. "'ఇంటర్నెట్ ద్వారా ప్రపంచమంతా మన గదిలోకి వస్తుంది. కాబట్టి తలుపు గడియ ఒకసారి చూసుకోవాలి. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని చదువుతుంటే కాళ్ళు తిమ్మిరెక్కవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. వీడియో పాఠాలు ఎంతో ఉపయోగకరం. అయితే ఛార్జింగ్ పెట్టి చూస్తే పేలిపోవచ్చు, జాగ్రత్త.'"

"అందులో తప్పేముందండీ?" అంది అమ్మ.

"పదమూడేళ్ళ పిల్ల రాసే మాటలా ఇవి? ఈ మెషిన్లకే ఉంటుంది ఈ అలవాటు. ఏదడిగినా చివర ఒక హెచ్చరిక. మొన్న మా గులాబీ మొక్కకి ఎన్ని నీళ్ళు పోయాలని అడిగితే, నిపుణులను సంప్రదించమంది!"

"మంచిదేగా," అని గొణిగింది అమ్మ.

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ సారు తల ఎత్తాడు. "నేను పరీక్ష పెట్టి చూశానమ్మా. ఎవరు రాశారో పట్టిచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషి రాసింది కాదని తేల్చేసింది."

"మనిషి కాదా!" అమ్మకి చర్రున కోపం వచ్చింది. "ఎందుకు కాదంట?"

"ఇంత జాగ్రత్త ఏ మనిషికీ ఉండదమ్మా."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టీచర్ ఆ పిల్ల వైపు తిరిగింది. "సరే, కాగితం పక్కన పెట్టు. ఫోన్లో చదువు గురించి నీకేమనిపిస్తుందో నోటితో చెప్పు."

"బాగుంటుంది టీచర్. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి ఎన్నిసార్లయినా వినొచ్చు. మిమ్మల్ని తిప్పలేం కదా."

కంప్యూటర్ సారు కిసుక్కుమన్నాడు.

"కానీ ఫోను నా మొహం చూడదు టీచర్. నాకు అర్థం కాలేదని నేను చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది. దానికి తెలీదు."

టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంత చక్కగా చెప్పావే! మరి ఇందులో ఒక్క ముక్కయినా వ్యాసంలో లేదేం? నిజం ఒప్పుకుంటే ఈ మాటలే ఎల్లుండి స్టేజీ మీద చెప్పనిస్తాను. లేదంటే పేరు ఇప్పుడే కొట్టేస్తాను. మెషినేగా రాసింది?"

కూతురు అమ్మ వైపు చూసింది. అమ్మ ఫ్యాను వైపు చూసింది. అది ఇప్పుడు ఊడి పడితే బాగుండునని బతుకులో మొదటిసారి అనిపించింది.

"అవునండీ," అంది చివరికి, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "మెషినే."

"అలా దారికి రండి. పిల్లని ఏమీ అనను. మీరు మాత్రం ఇంట్లో ఆ మెషిన్ని కాస్త అదుపులో పెట్టండి."

"పెడతానండీ."

"సోమవారానికి సైన్సు వ్యాసం తేవాలి. విద్యుత్తు ఉపయోగాలు. ఈసారి జాగ్రత్త."

విద్యుత్తు అన్న మాట వినగానే అమ్మ ఒళ్ళు జలదరించింది. కూతురు మాత్రం ఇంటిదాకా ముసిముసిగా నవ్వుతూనే నడిచింది.

ఆ సాయంత్రం రెండు ఫోన్లనూ బీరువాలో పెట్టి తాళం వేసి, తెల్లకాగితం మీద 'విద్యుత్తు ఉపయోగాలు' అని శీర్షిక పెట్టి, ఈసారి ఒక్క జాగ్రత్త కూడా చెప్పకూడదని పళ్ళు బిగబట్టుకుని, కూతురు చూసి రాసుకోవడానికి వీలుగా గుండ్రటి అక్షరాలతో అమ్మ మొదటి వాక్యం మొదలుపెట్టింది.