పిచ్చివాళ్ళ జాబితా

"నాన్నా, 'లోకో' అంటే పిచ్చివాడు, 'నెసియో' అంటే మొండివాడు. ఈ మెక్సికో కొట్టాయనకి ఏది రాయను? పిచ్చివాడని రాస్తే ఆయన్ని కంపెనీ డీలర్ల లిస్టులోంచి తీసేస్తారు."

తిరువూరులో తమ కిరాణా కొట్టు వెనకగదిలో ల్యాప్‌టాప్ ముందు కూలబడి అడిగింది పూజిత. మిక్సీల కంపెనీకి కొట్లవాళ్ళ మీద వచ్చే స్పానిష్ ఫిర్యాదులు చదివి రిపోర్టులు రాయడం ఆమె ఉద్యోగం.

"ఏం చేశాడు?" అగరొత్తులు వెలిగిస్తూ అడిగాడు జగన్నాథరావు.

"పాడైన మిక్సీ కస్టమర్ పొద్దున్నే తిరిగిస్తే తీసుకోడంట. మొదటి బేరం అయ్యాక రమ్మంటాడంట. మూడు రోజుల్నుంచి ఇదే గొడవ."

"బోణీ కాకుండా వాపసు ఎవడు తీసుకుంటాడమ్మా? నేనైనా తీసుకోను."

పూజిత రెండు మాటలూ చెరిపేసి, 'కస్టమర్ని మధ్యాహ్నం వెళ్ళమనండి' అని రాసింది.

ఇన్నాళ్ళూ తను 'లోకో' అని రాసినవాళ్ళ జాబితా తెరిచి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.