నీళ్ళవైపు గోడ

"అది నేను కూరలు తరుక్కునే బల్లరా!"

"ఈ ఒక్క పూటకీ నాదనుకో అమ్మా," అన్నాడు పెద్దవాడు తలెత్తకుండా.

వంటింటి బల్లమీద పాత దుప్పటి మడతపెట్టి, దానిమీద బైకు ఇంజినుకి మూతలా బిగించే సిలిండర్ హెడ్డును బోర్లించాడు. తుక్కు కొట్లో ఏరి తెచ్చిన హెడ్డు. గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోయే దారిని గీకి, నున్నగా చేసి, కాస్త వెడల్పు చేస్తే బండి లేడిపిల్లలా లేస్తుంది. ఆ పనికి వర్క్‌షాపువాళ్ళు అడిగే డబ్బు పెడితే ఇంకో పాత బండే వస్తుంది. అందుకే అరువు తెచ్చిన డ్రిల్లు మిషను, చీల్చిన బోల్టుకి చుట్టిన గరుకు కాగితం, ముక్కుకి అడ్డంగా తువ్వాలు. అదే ఈ అన్నదమ్ముల వర్క్‌షాపు.

తమ్ముడు ఎదురుగా స్టూలుమీద కూర్చుని లైటు పట్టుకున్నాడు. ఆదివారం రేసులో మొదటి ముగ్గురిలో ఉంటే బైకుల కంపెనీ తన జట్టులోకి తీసుకుంటుంది. బండి వాళ్ళదే, జీతమూ వాళ్ళే ఇస్తారు.

"ఇంకొంచెం గీకరాదూ అన్నయ్యా! మరీ పిసినారిలా చేస్తున్నావు."

"నోరు మూసుకుని లైటు సరిగ్గా పట్టు."

"వాడు పట్టుకుంటే వెలుగు నీ మొహాన పడుతోంది. ఇటివ్వు," అని లైటు అమ్మ లాక్కుంది.

పెద్దవాడు ఆశ్చర్యంగా చూశాడు. ఇలాంటి రేసులోనే పడి తన ఎడమకాలు వంకరపోయింది. ఆనాటినుంచి రేసు అన్న మాట వింటేనే అమ్మకి ఒళ్ళు మంట. చిన్నవాడు బండెక్కినప్పుడు తిండి మానేసింది, కాళ్ళావేళ్ళా పడింది, చివరికి విసిగి ఊరుకుంది. అలాంటిది ఇవాళ పక్కనే నిలబడి లైటు పడుతోంది.

"ఈ పక్కన ఎందుకు గీకట్లేదు?" అంది లోపలికి వేలు చూపిస్తూ.

"అమ్మో, అక్కడ ముట్టుకోకూడదు. ఆ గోడకి అవతల నీళ్ళు తిరుగుతుంటాయి, ఇంజిను వేడెక్కిపోకుండా. గోడ పలచబడితే పగిలి నీళ్ళు లోపలికొచ్చేస్తాయి."

"వస్తే?"

"బండి ఆగిపోతుంది. వీడి రేసు అక్కడితో సరి."

తమ్ముడు పకపకా నవ్వాడు. అమ్మా నవ్వింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. అన్నదమ్ములిద్దరూ హెడ్డు కింద సందు లేకుండా వేసే గాస్కెట్ కొనడానికి వెళ్ళొచ్చేసరికి బల్లమీద దుమ్ము లేదు, రజను లేదు. హెడ్డును శుభ్రంగా తుడిచి, ఉతికిన తువ్వాల్లో చుట్టి పెట్టింది అమ్మ.

"చూశావా అన్నయ్యా, నన్ను కూడా ఇంత పొందిగ్గా ఎప్పుడూ చుట్టలేదు!" అన్నాడు తమ్ముడు.

పెద్దవాడు ఆ తువ్వాలుని నిమిరాడు. ఇన్నాళ్ళకి అమ్మ మనసు మెత్తబడిందనుకున్నాడు. వెలుతురు ఉండగానే బిగించెయ్యాలని, తువ్వాలు విప్పి నేరుగా ఇంజినుమీద కూర్చోబెట్టాడు. బండి మొదటి తన్నుకే అందుకుంది. ఆ మోతకి పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి తిట్టిపోశాడు. తమ్ముడు అన్నని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఆదివారం అమ్మ రేసుకి రానంది.

తమ్ముడు వెనకనుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండో స్థానానికొచ్చాడు. పొడవాటి దారిలో మొదటివాడి పక్కకి చేరాడు. పెద్దవాడు కంచె పట్టుకుని గొంతు చించుకుని అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తెల్లగా పొగ లేచింది. పరుగుమీదున్న ఇంజిను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనకచక్రం తిరగడం మానేసింది. బండి తమ్ముణ్ణి విసిరికొట్టింది. వెనకొచ్చేవాడు తప్పించలేకపోయాడు. అతని చక్రం తమ్ముడి కుడిచేతిమీదుగా పోయింది.

"చెయ్యి ఉంటుంది," అన్నాడు డాక్టరు. "కానీ పిడికిలి ఇక పట్టలేడు."

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చిన రోజు పెద్దవాడు అదే బల్లమీద ఇంజిను విప్పాడు. గాలి పోయే దారి లోపల మిరియం గింజంత కన్నం. దాని అంచు వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. తలెత్తాడు. గుమ్మం దగ్గర అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏమైంది దానికి?" లోపలి గదిలోంచి అడిగాడు తమ్ముడు.

"నీళ్ళవైపు గోడ పగిలింది."

"ఎందుకు పగిలింది?"

పెద్దవాడు డ్రిల్లు మిషనువైపు చూశాడు. "ఎక్కువ గీకాను. చెయ్యి జారింది."

తమ్ముడు మంచం దిగొచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని అన్న ముందు నిలబడ్డాడు.

"అక్కడ ముట్టుకోకూడదని చెప్పింది నువ్వే. జారలేదు. నీ కాలు పోయిందని నా చెయ్యి తీశావు. ఓర్చుకోలేకపోయావు."

"ఒరే, వాణ్ణేమీ అనకురా..." అమ్మ గుమ్మం దాటి ఇద్దరి మధ్యకి వచ్చింది.

"నువ్వు మధ్యలోకి రాకమ్మా! ఎప్పుడూ వాణ్ణే వెనకేసుకొస్తావు. ఈ ఇంట్లో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

పెద్దవాడు లేచాడు. రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, కాలీడ్చుకుంటూ బయటికి నడిచాడు. తమ్ముడు తలుపు ధడాలున మూశాడు.

బస్సు ఆగేచోటుదాకా అమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"నువ్వెందుకు పోవాలిరా? ఉండు. నేను వాడికి చెప్తాను. ఇప్పుడే పోయి చెప్తాను."

బస్సొచ్చింది. పెద్దవాడు ఒక కాలు మెట్టుమీద పెట్టి, అమ్మ కొంగు అందుకుని ఆమె మొహం తుడిచాడు. "వాడికిక నువ్వొక్కదానివే దిక్కు," అన్నాడు. ఆ తరవాత ఎవరికీ వినబడకుండా వంగి చెప్పాడు.

"గీకింది నువ్వని వాడికి మాత్రం తెలియనివ్వకమ్మా."