భోజన్న చూడని ఫైనల్

"నువ్వు మాత్రం టీవీ దిక్కు చూడద్దు. చూసినవంటే నా మీద ఒట్టే" అంది భీమవ్వ.

భోజన్నకు యాభై ఐదేళ్లు. ఆర్మూర్‌లో నలుగురూ గౌరవించే పసుపు రైతు. తల్లి ముందు మాత్రం నోరు లేవదు. పైగా అతని మీద నేరం రుజువైంది.

అతని కూతురు అంకిత ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ ఆడుతుంది. కబడ్డీ క్యాంపులో ఆమె దూకుడు చూసి ఆ దేశపు కోచ్ ఒకడు తీసుకుపోయాడు. జీతమిచ్చి ఆడిస్తారు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. చేత్తో పడతారు, కాలితో తంతారు, మధ్యలో ఎదుటిదాన్ని కిందపడేసి మీద పడతారు. నాలుగు గుంజల్లో నడిమి రెంటి మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు. పక్కకు పోయినా ఒక పాయింటు ఇస్తారు, అంత ధర్మాత్ముల ఆట.

అంకిత ఆరేళ్లలో రెండు ఫైనల్స్ ఆడింది. రెండూ భోజన్న టీవీ ముందు కూర్చుని చూశాడు. రెండూ ఓడింది.

"ఐరన్ లెగ్" అని పక్కింటి లసుమవ్వ తేల్చేసింది. భీమవ్వ కాదనలేదు.

ఇది మూడో ఫైనల్, ఆఖరిది కూడా. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయిన పిల్ల, ఈ మ్యాచ్‌తో ఆట మానేస్తానని చెప్పేసింది. కప్పు ముట్టకుండానే మనుమరాలు తిరిగొస్తుందేమోనని భీమవ్వకు వారం నుంచి అన్నం సయించడం లేదు.

మ్యాచ్ పన్నెండింటికని చెప్పింది భోజన్నే. పొద్దున్నే మార్కెట్ యార్డుకు పోయినవాడు పదకొండున్నరకు ఇల్లు చేరాడు. గొంతు బొంగురుపోయింది. ఒళ్లంతా పసుపు. నడుం పట్టుకుని కుంటుతున్నాడు. చేతిలో కిలో జిలేబి.

"నడుముకేమైంది రా?"

"యార్డుల కాలు జారిందే అవ్వా. హమాలి సాయన్న లేపిండు."

"మరి జిలేబి దేనికి? గెలువకముందే తీపి తెస్తరా? నీ పాదం సాలదా?"

భోజన్న జిలేబి గూట్లో పెట్టాడు. తనే టీవీకి నెట్ తగిలించి, ఛానల్ పెట్టి, రిమోట్ తల్లి చేతికిచ్చాడు.

"ఫోన్ గూడ ఇయ్యి. చాటుగ అండ్ల చూస్తవ్ నువ్వు."

ఇచ్చాడు. ఆమె దాన్ని రొంటిన దోపుకుంది. అతను పెరట్లో పసుపు వండే కడాయి పక్కన మంచం వాల్చుకుని, ముఖం మీద రుమాలు కప్పుకున్నాడు. ఐదు నిమిషాల్లో గురక మొదలైంది.

"బిడ్డ ఫైనల్ ఆడుతుంటే నిద్రెట్ల వస్తదే గీ మనిషికి!" అని నోరు నొక్కుకుంది భార్య భాగ్యలక్ష్మి.

లోపల అత్తాకోడళ్లు, మ్యాచ్ చూడ్డానికి వచ్చిన లసుమవ్వ, ముగ్గురూ పూనకం వచ్చినట్టు చూశారు. "పడెయ్ దాన్ని! జడ గుంజు!" అని భీమవ్వ కోచింగ్ ఇచ్చింది. అయినా అంకిత జట్టు పదకొండు పాయింట్లు వెనకబడింది. భీమవ్వకు అనుమానం వచ్చి పెరట్లోకి తొంగి చూసింది. రుమాలు కదలలేదు. నమ్మకం చాలక, కొడుకును లేపి మంచాన్ని గోడవైపు తిప్పించింది.

ఆఖరి నిమిషం. ఇంకా నాలుగు పాయింట్లు తక్కువ. అంకిత ఎవరి భుజం మీదో మోకాలు ఆన్చి పైకి లేచి, బంతిని గాల్లోనే అందుకుంది. ఆపరేషన్ అయిన మోకాలే. అలా పట్టినవాళ్లకు టైమైపోయినా ఒక తన్ను ఇస్తారు కాబట్టి, సైరన్ మోగాక నిదానంగా తన్నింది. బంతి నడిమి గుంజల మధ్య నుంచి దూసుకుపోయింది. అక్కడ నిలబడ్డ అంపైర్ రెండు జెండాలూ ఊపాడు.

భీమవ్వ ఏడ్చింది, నవ్వింది, లసుమవ్వ నోట్లో జిలేబి కుక్కింది. పెరట్లోకి ఉరికి కొడుకును కుదిపింది.

"నువ్వు చూడలే, పొల్ల గెలిసింది! గిదే పని ముందుగాల్నే చేస్తే మూడు కప్పులొస్తుండె!"

"అవునే అవ్వా. అంత నీ పుణ్యమే" అన్నాడు భోజన్న బొంగురు గొంతుతో. కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే ఆమె రొంటిలో అతని ఫోన్ మోగింది. తెర మీద అంకిత ఫొటో. భీమవ్వ తోచిన బటన్ నొక్కింది. ఆమె హలో అనేలోపే అవతలి గొంతు గలగలలాడింది.

"నాయినా, పొద్దుగాల యార్డుల ఫోన్ల మ్యాచ్ లైవ్ చూసుకుంట, నేను గోల్ కొట్టంగనే పసుపు కుప్ప మీదికెల్లి కిందికి దునికినవంట, సాయన్న కాక వీడియో పంపిండు, నడుమెట్లుంది?"