తై నెలకు పూలు

పెరట్లో నేలసంపంగి గడ్డలు పెడదామని వేదనాయకి రాజపాళయానికి కోడలుగా వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. అత్త ధనభాగ్యం ఒప్పుకోలేదు.

"గడ్డ పూస్తాది, వాడిపోతాది. మామిడైతే నా మనవలు తింటారు" అని ఆ చోటు అట్టే ఉంచింది. ఆ ఇంట్లో మామిడి మొక్క నాటేది బిడ్డ పుట్టిన ఏడే. ఏళ్ళు గడిచాయి. ఆ చోటు ఖాళీగానే ఉంది.

ఊళ్ళో కొత్తగా నూలుమిల్లు కూత మొదలైన ఏడు, శ్రావణ భాద్రపదాల నడుమ, ఆవణి నెల వానకు నేల మెత్తబడగానే, ధనభాగ్యమే సత్రపట్టి నుంచి గంపెడు గడ్డలు తెప్పించింది. వేదనాయకి కొంగు దోపుకుని, మురిసిపోతూ, అన్నీ తన చేత్తోనే నాటింది.

"మామిడి వద్దనుకుంటిరా అత్తా?"

"దాని కాలమొస్తే దాన్నీ నాటుతాము. ఇప్పుడు పూలు కావాల. సంక్రాంతి అయినాక, తై నెలలో పెండ్లి పెట్టుకోనుండాము."

"ఎవురికి?"

ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరు. ఉన్న మగవాడు ఒక్కడే, వేదనాయకి మొగుడు.

"ఆ కొసనుండే గడ్డకు నీళ్ళు చాల్లేదు" అంటూ ధనభాగ్యం చెంబు అందించింది. "ఇంకా కొంచెం పోసి రా."