కప్పు మీద అంకె

"ఈ మిషన్‌కి కుర్ర చేతులు కావాలి హేజెల్. నువ్విక ప్యాకింగ్‌లోకి వెళ్ళు."

సూపర్వైజరు డీన్ ఆ మాట అన్నది జనవరి ఆరున, శుక్రవారం పొద్దున, పరుపుల ఫ్యాక్టరీలో నలభై మంది వింటుండగా.

హేజెల్‌కు యాభై అయిదేళ్ళు. చేరిన రోజు నుంచీ, పదిహేడేళ్ళుగా, పరుపులకు అంచు కుట్టే మిషన్ ఆమెది. ఆమె కుట్టు వంకర పోయిందని ఇంతవరకూ ఎవరూ అన్న పాపాన పోలేదు.

ఇప్పుడా చేతులు పరుపులకు ప్లాస్టిక్ సంచులు తొడగాలి. తక్కువ జీతానికి.

మిషన్ మీదికి పాతికేళ్ళ కుర్రవాడొచ్చాడు.

సోమవారం క్యాంటీన్‌లో ఈనిడ్ టీ అందించింది. ఎవరికెన్ని చెంచాల చక్కెరో కాగితం కప్పు మీద పెన్నుతో రాయడం ఆ ముసలావిడ అలవాటు. హేజెల్ కప్పు మీద ఎప్పుడూ 2 ఉండేది.

ఆ రోజు 87 ఉంది.

"ఎనభై ఏడు చెంచాలా? నన్ను చంపుదామనా?"

ఈనిడ్ నవ్వలేదు.

"గురువారం సాయంత్రం లైబ్రరీకి వెళ్ళు తల్లీ. మేడ మీద గది. బిస్కెట్లు బాగుంటాయి."

జీతం తగ్గిందో లేదో అప్పుడే ధర్మపు బిస్కెట్లకు దారి చూపిస్తోంది, అనుకుంది హేజెల్. ఒళ్ళు మండింది.

మంగళవారం 86. శుక్రవారానికి 83. శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుని వచ్చేసరికి 80.

ఆ ఫ్యాక్టరీలో దేనికైనా పందెం కాస్తారు. బాయిలరు ఏ రోజు మొరాయిస్తుందన్నా పందెమే, ఎవరి పెళ్ళి ఎన్నాళ్ళు నిలుస్తుందన్నా పందెమే. ఈ అంకెల పేరిటా ప్యాకింగ్ బల్ల మీద చాక్లెట్లు పోగుపడ్డాయి.

"ఈనిడ్ రిటైరయ్యే రోజులు లెక్కేసుకుంటోంది" అన్నాడు ట్రెవర్. ఫ్యాక్టరీలో అందరికన్నా పాత మనిషి అతను.

"కాదు, హేజెల్ పోయే రోజులు" అంది కోర్ట్‌నీ. సంచులకు టేపు అంటించే పిల్ల.

అందరూ పడీపడీ నవ్వారు. హేజెల్ కూడా నవ్వింది. ఏడవడానికి పది నిమిషాల బ్రేకు చాలదు మరి.

41 నాడు ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఏంటీ అంకెలు? నువ్వూ నన్ను ఆటపట్టిస్తున్నావా?"

ఈనిడ్ పక్క బల్ల కేసి చూసింది. డీన్ అక్కడే కాఫీ తాగుతున్నాడు.

"చక్కెర సరిపోయిందా?"

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"లైబ్రరీకి వెళ్ళావా?"

"నీ బిస్కెట్లు నువ్వే తిను. నాక్కావాల్సింది నా మిషన్."

ఈనిడ్ పోస్తున్న టీ కౌంటరు మీద ఒలికింది.

"అందుకే వెళ్ళమంటున్నా" అంది, తుడుస్తూ.

హేజెల్ వెళ్ళలేదు. ఆ కుర్రవాడు వారానికి మూడు పరుపులు పాడు చేస్తున్నాడు. ఇవాళో రేపో డీన్ తనే వచ్చి పిలుస్తాడని కూర్చుంది.

డీన్ పిలవలేదు. కుర్రవాడు పని నేర్చుకున్నాడు.

ఏప్రిల్ అయిదున కప్పు మీద 1 ఉంది. ఈనిడ్ కప్పు ఇచ్చింది గానీ వదల్లేదు.

"ఇవాళే తల్లీ."

"ఏంటి ఇవాళ?"

"ఏమ్మా, మీ ముచ్చట్లయ్యేదాకా ఇంతమందీ నిలబడాలా?" వెనక నుంచి డీన్ గొంతు.

ఈనిడ్ కప్పు వదిలేసింది.

మర్నాడు, గురువారం, కప్పు మీద 2 ఉంది. చక్కెర, అంతే. చాక్లెట్లు ఎవరూ గెలవలేదు. ఈనిడ్ కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఆ కళ్ళు చూశాక హేజెల్‌కు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం లైబ్రరీ మెట్లెక్కింది.

మేడ మీద గదిలో బిస్కెట్ల పళ్ళెం ఉంది. దాని వెనక ఫర్జానా అనే లాయరు పిల్ల ఉంది. ఫీజు లేకుండా సలహా చెబుతుందట.

"ఆయన ఆ మాట ఎప్పుడన్నారు?"

"జనవరి ఆరున."

ఫర్జానా గోడ మీది క్యాలెండరు చూసింది. పెన్ను కింద పెట్టింది.

"వయసు వంక పెట్టి పని మార్చడానికి చట్టం ఒప్పుకోదండీ. సాక్షులు కూడా నలభై మంది. మీ మిషన్ మీకు వచ్చి ఉండేది."

"ఉండేదంటే?"

"మూడు నెలలు నిండకముందే కదలాలి. ఊరికే పనివాళ్ళ తగాదాలు చూసే సర్కారు ఆఫీసుకు ఒక ఫోను చేసి పేరు రాయించుకున్నా గడువు ఆగేది. అది నిన్నటితో అయిపోయింది."

"ఒక్క రోజే కదమ్మా!"

"జడ్జి తలుచుకుంటే ఇంకొంచెం టైమివ్వొచ్చు. తెలియలేదంటే మాత్రం మామూలుగా ఇవ్వరు. ఒక్కరైనా చెప్పలేదా మీకు?"

హేజెల్ కళ్ళ ముందు కప్పులు తిరిగాయి. ఎనభై ఏడు. ఎనభై ఆరు. నలభై ఒకటి. ఒకటి.

లేచి నిలబడింది. బిస్కెట్ ముట్టుకోలేదు.

ఈస్టర్ సెలవులయ్యాక, మంగళవారం, తిన్నగా క్యాంటీన్ కౌంటరు కేసి నడిచింది. ట్రెవర్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏంటా దూకుడు?"

"అన్నీ తెలిసి అంకెలు గీసింది! నోరు తెరిచి ఒక్క మాట చెబితే దాని సొమ్మేం పోయింది?"

"ఉద్యోగం పోయేది. గొంతు తగ్గించు. ఆవిడా ఒకప్పుడు మేనేజ్‌మెంట్ మీద కేసుకు వెళ్ళింది. రాజీ చేసి ఆ కౌంటరు ఇచ్చారు. కేసులనీ చట్టాలనీ పనివాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడినా ఇంటికే అని సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజు యూనియన్ తరఫున పక్కన కూర్చున్నది నేనే. నేనూ నోరు మూసుకున్న బాపతే."

"దేనికి వెళ్ళింది?"

"నీకయిందే ఆవిడకూ అయింది. కుర్ర చేతులు కావాలన్నారు."

"ఏ మిషన్ మీద ఉండేది?"

ట్రెవర్ హేజెల్ చేతుల కేసి చూశాడు: పదిహేడేళ్ళ కిందట ఈనిడ్‌ను తప్పించి ఆ అంచు మిషన్‌ను అప్పగించిన కుర్ర చేతులు అవే.