పోటీలో నెగ్గిన చేప

అఖాతంలో పెద్ద చేపలు పట్టే పోటీ జరిగిన రోజు నా పడవ ఎక్కింది ఓ మొగుడూ పెళ్ళాం.

కొమ్ముకోనం చేప ఆమె గాలానికే పడింది. అరచేతులు బొబ్బలెక్కినా రెండు గంటలు దాంతో పెనుగులాడింది. మొగుడు నీడపట్టున కూర్చుని, "నీవల్ల ఏమవుతుందే!" అని దెప్పుతూనే ఉన్నాడు.

మనిషంత చేప పడవ పక్కన తేలగానే లేచొచ్చి, ఆమెను భుజంతో నెట్టి గాలం కర్ర లాక్కున్నాడు.

"ఫొటో తియ్యవే, చూస్తావేం?"

చుక్కాని దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉన్నాను. ఛీ, వీడూ ఒక మనిషేనా అనుకున్నాను.

ఒడ్డున చేపను తూకానికి వేలాడదీశారు. మొగుడు దాని పక్కన నిలబడి పళ్ళికిలించాడు.

"కర్ర మీద రెండో మనిషి చెయ్యి పడితే చెల్లదండీ," అన్నాడు పోటీ పెద్ద. "పట్టిందెవరు?"

"నేనొక్కణ్ణే."

ఆమె నా వంక చూసింది. పెద్ద కూడా నావైపే తిరిగాడు.

"పడవ నడిపినవాడివి, నువ్వు చెప్పవయ్యా."

ఆ మొగుడేమో ఏటా నా పడవే బాడుగకు తీసుకునే మనిషి.

"అయ్యగారేనండీ," అన్నాను.

చప్పట్లు మోగాయి. ఆమె నా పక్కకొచ్చి మెల్లగా అంది.

"ఆయన సంగతి నాకు తెలిసిందే అన్నా. నువ్వైనా నిజం చెబుతావనుకున్నాను."