తాడు పట్టినవాడు

విమానాశ్రయం బయటి తలుపు దగ్గర, ఇనుప కమ్మీని ఆనుకుని నిలబడ్డాడు ముసలాయన. రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకున్నాడు.

సంచి భుజాన వేసుకుని ఒక అమ్మాయి బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి, ఫోటోలో చూసిన మనిషిని పోల్చుకున్నట్టు సూటిగా ఆయన దగ్గరికే నడిచింది.

"తాడు బాబాయ్ మీరేనా?"

"నేనేనమ్మా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం. తర్వాత సంచి సర్దుకుంది.

"మేస్త్రి వస్తాడనుకున్నాను," అంది.

"ఆయనకేదో పని పడింది."

ఆమె భర్తను ముసలాయన అల్లుడూ అని పిలిచేవాడు. పెద్ద పెద్ద మేడలకు బయటివైపు రంగులు వేసే పని వాళ్ళది. తాడుకు కట్టిన పలక మీద కూర్చుని, గాలిలో వేలాడుతూ రంగు వేసేది అల్లుడు. పైన నిలబడి, ఆ తాడు కొద్దికొద్దిగా కిందికి వదిలేది ముసలాయన. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. నిన్న పొద్దున తాడు జారింది. ఎంత బిగించినా ఆగలేదు. అరచేతుల తోలు తాడుతోపాటే పోయింది. అల్లుడూ పోయాడు.

ఆ పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పలక మీదివాడు పోతే, ఆ కబురు ఇంటివాళ్ళకు తాడు పట్టినవాడే చెప్పాలి. ఫోనులో కాదు. ఎదురుగా నిలబడి, ముఖం చూసి చెప్పాలి. అందుకే మేస్త్రి, అల్లుడికి కాలు విరిగిందని మాత్రం చెప్పి ఆమెకు విమానం టికెట్టు పంపాడు. మిగతాది ముసలాయనకు వదిలేశాడు. "టాక్సీలో తీసుకురా. అరగంట దారి. ఆలోపు ఎలాగో చెప్పెయ్," అన్నాడు.

"టాక్సీ అటుపక్కన..." అంటూ కదిలాడు ముసలాయన.

"బస్సు లేదా బాబాయ్?"

"ఉందిలే, పదిహేడో నంబరు. ఊరంతా తిరిగి పెద్దాసుపత్రి దగ్గర దింపుతుంది. గంటన్నర పడుతుంది."

"అయితే బస్సే. దారిలో ఆయన రంగులేసిన మేడలన్నీ చూపించండి. ఫోనులో ఒకటే గొప్పలు చెప్పేవాడు, మీ పనివాళ్ళ పద్ధతులతో సహా."

గుండెల మీది బరువు గంటన్నర సేపు పక్కకు జరిగినట్టయింది ఆయనకు. సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"మీరు ఊరికే ఉండండి బాబాయ్."

మొదటి బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. "కిటికీ పక్కన సీటు లేదు. తర్వాతది చూద్దాం," అంది. మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసీ ఈ తాపీ ఏమిటో! పాపం, విరిగింది కాలే కదా అనుకుంటోంది, ఇంకేం తెలుసు దీనికి, అనుకున్నాడు.

రెండో బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. టికెట్లు ఆమే తీసింది.

"రైలు తప్ప ఎరగనిదాన్ని. మా ఆయన కాలు విరిగితే నన్ను విమానం ఎక్కించారు," అంది కండక్టరుతో. "నడుం విరిగితే రాకెట్టే కాబోలు!"

కండక్టరు నవ్వాడు. ముసలాయన నవ్వబోయి దగ్గాడు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి, తానే ఎత్తి ఆయన నోటికి అందించింది.

నీళ్ళ ట్యాంకు దాటాక చెబుదామనుకున్నాడు. ట్యాంకు దాటింది.

"అదిగో, ఆ గంధం రంగు మేడ. పద్నాలుగు అంతస్తులు. మొత్తం అల్లుడి చేయే. ఎండలో పాటలు పాడుకుంటూ వేసేవా..." నాలుక కరుచుకున్నాడు. "వేస్తాడు."

"పాటలా? గార్దభ స్వరం కదా!"

"దింపెయ్యనా అని పైనుంచి నేనే బెదిరించాలి."

ఇద్దరూ నవ్వారు. సినిమా హాలు దగ్గర చెబుదామనుకున్నాడు. హాలూ దాటింది. చెప్పడం ఒక ఎత్తు. ఎందుకు వదిలావు బాబాయ్ అని ఈ పిల్ల అడిగితే ఏం చెప్పాలి?

ఎర్ర దీపం పడి బస్సు ఆగింది. ముసలాయన తల ఎత్తి చూసి చల్లబడిపోయాడు. ఆలస్యమవుతుందన్న ఆశలో, పదిహేడో నంబరు ఈ వీధిలోంచే పోతుందని మరిచాడు. ఎదురుగా మేడ. పై ఆరు అంతస్తులు లేత ఆకుపచ్చ. కింద అంతా ఉత్త సిమెంటు. పిట్టగోడ మీంచి తాడు ఇంకా వేలాడుతోంది.

"అది కూడా మనదేనా బాబాయ్?"

"మనదే."

"సగంలో ఆగిందేం?"

"పై పూత ఆరాలమ్మా."

"ఆరాలి మరి," అంది.

బస్సు కదిలింది. మేడ కనుమరుగయ్యేదాకా ఆమె మెడ తిప్పి చూస్తూనే ఉంది.

"అంత ఎత్తున మనిషి బరువు పట్టుకోవాలంటే చేతులు పీకవూ?"

"అలవాటేనమ్మా."

కుదుపుకు తువ్వాలు జారింది. ఆయన అరచేతుల కట్లు బయటపడ్డాయి. ఆమె తువ్వాలు పైకి లాగి ఆ చేతుల మీద మళ్ళీ కప్పింది.

"పెద్దాసుపత్రి! ఆఖరు స్టాపు!" అరిచాడు కండక్టరు.

జనం దిగుతున్నారు. ఇక తప్పదు. ముసలాయన లేచి, ఆమెకు ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూశాడు.

"అమ్మా, నీకొక మాట..."

ఆయన మాట పూర్తి కాకముందే ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "అన్నా, మార్చురీకి ఏ గేటులోంచి పోవాలి?" అని కండక్టరును అడిగింది.